యోబుతో ఏనుగు మల్లమ్మ కొండకు

కుక్కను వెంటబెట్టుకొని కొండ యెక్కుట మన సీమలో వింతగానే తోచును. కొండకు పోవువారు దేవదర్శనమునకు పోవుదురు, కట్టెలకు పోవుదురు, మేకల మేపునకు పోవుదురు. ఈ నడుమ చిత్రములు తీసికొనుటకును పోవుచున్నారు. మేకల కాపరివెంట కుక్క పోయినయెడల ఎవ్వరును ప్రశ్నింపరు. అది దాని యుద్యోగము. ఉపాధ్యాయుడొకడు నలుగురు విద్యార్థులతోను ఒక కుక్కతోను అడవినిబడి, కొండవెన్నుమీద ఎండదాక నడచి వచ్చెనని విన్నంతనే, "దానినెందుకు తీసికొనిపోతిరి?" యని యడుగుదురు. మమ్ము ఈ యేట అట్లడిగినవారిలో మా ప్రధానోపాధ్యాయులును, ఇద్దరు తండ్రులును, మా యింట పాలుపోయు అవ్వయు కలరు. అందరికిని వేర్వేరుగ సమాధానము చెప్పుటకంటె ఈ వార్షిక పత్రికలో ఒక్కమారు వ్రాయుట మేలని తలచితిమి.

మొదట యోబును గూర్చి చెప్పవలెను. క్రొత్తగ చేరిన విద్యార్థులకు దాని చరిత్ర తెలియదు. 2015వ సంవత్సరపు వానకాలమున వసతిగృహపు వంటశాల వెనుక బూడిదకుప్పమీద అది మొదట కనబడినది. రెండు మూడు నెలల పిల్ల. మేనెల్ల గజ్జి, వెంట్రుక యున్నచోటికంటె లేని చోటే యెక్కువ. బూడిదలో కూర్చుండి రాత్రింబగళ్లు గోకికొనుచుండుట చూచి వసతిగృహపు బాలురు దానికి యోబని పేరు పెట్టిరి. భక్తుని పేరు కుక్కకు పెట్టుట తగునా యని సిబ్బందిలో కొందరికి సందేహము కలిగినమాట నిజము. ఆ భక్తుడు బూడిదలో కూర్చుండి చిల్లపెంకుతో గోకికొనెనను సంగతి బాలురు మరవలేదనుటకు ఇది నిదర్శనమే గదా యని మేము వాదించితిమి. మా వాదము నెగ్గలేదు గాని పేరు మాత్రము నిలిచినది. పశువైద్యశాలవారి మందుతో మూడు నెలలలో గజ్జి మానెను. ఎర్రమట్టి రంగు, నిక్కిన చెవులు, కొనయందు కొంచెము తెలుపుగల వంకరతోక: ఏ పల్లె రచ్చబండ క్రిందనైనను కనబడు ఊరకుక్క రూపమే యోబు రూపము.

ఈ ఊరకుక్కను మనవారు చులకన చేయుదురు. వేలకొలది రూపాయలు పోసి మంచుదేశపు కుక్కలను తెచ్చి, దట్టమైన వెంట్రుకతో నవి మన వేసవిలో రొప్పుచుండగా చల్లని గదిలో కట్టివేయుదురు. పొట్టి వెంట్రుకయు, సన్నని నడుమును, పొడవైన కాళ్లునుగల మన కుక్కను రాళ్లతో కొట్టుదురు. ఈ విషయమున మాకు కొంత కోపమున్నది, దానిని దాచుకొనము. కుక్కను సాకుట గొప్పయింటివారి నేటి వేడుక యనుకొనుటయు పొరపాటే. జర్మనీదేశమున బాన్ నగర సమీపమునందలి ఓబర్‌కాసెల్ అను చోట 1914వ సంవత్సరమున రాతిగనిలో ఒక పురాతన సమాధి బయల్పడినది. అందొక పురుషుడు, ఒక స్త్రీ, వారితోకూడ ఒక కుక్కపిల్ల. దాని వయస్సు సుమారు ఏడు నెలలు. సమాధి వయస్సు సుమారు 14 వేల సంవత్సరములు. ఆ పిల్ల దంతములను పరీక్షించిన శాస్త్రజ్ఞులు అది డిస్టెంపరను ప్రాణాంతకవ్యాధితో వారములకొలది బాధపడినదనియు, ఎవరో దగ్గరనుండి తినిపించి, నీరు త్రాపి, శుభ్రపరచి సాకనియెడల అన్నినాళ్లు బ్రతికియుండదనియు 2018లో ప్రకటించిరి. వేటకు పనికిరాని, కాపలాకు పనికిరాని రోగపు పిల్లను ఆ అడవిమనుష్యులు సాకిరి. వంటశాల వెనుక బూడిదకుప్పయొద్ద కూర్చుండి యోబునకు మందు పూసిన బాలురలో ఒకడిప్పుడు రైల్వేలో నున్నాడు. ఆ సమాధి సంగతి వానికి జాబు వ్రాసి తెలిపితిమి.

ఇక కొండ. మదనపల్లె చుట్టుప్రక్కలవారికి హార్స్లీ కొండలను వర్ణించి చెప్పనక్కరలేదు గాని దూరపు పాఠకులకై రెండు మాటలు. బ్రిటిషువారి కాలమున కడప కలెక్టరుగా నుండిన హార్స్లీ దొర వేసవి విడిదికై బంగళా కట్టించుకొనుటచే ఆ పేరు వచ్చినది. మదనపల్లె ఆనాడు కడప జిల్లాలోనిదే; 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినపుడు దానిలో చేరినది. జనులు తొల్లినుండి పిలుచుకొను పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మయను బాలిక యీ కొండమీద నుండి, చుట్టుపట్ల జనుల రోగములు మాన్పుచు, ఒకనాడు కనబడకుండ పోయెనని చెప్పుకొందురు. ఆమెకు అక్కడ గుడి కలదు. మాకీ పేరే యింపుగానుండును. కొండయెత్తు సముద్రమట్టమునకు 4 వేల అడుగులకు మించినది. మన పట్టణము సుమారు 2,300 అడుగుల యెత్తున నున్నది. కావున పైకి పోవునప్పటికి మూడు నాలుగు డిగ్రీల వేడి తగ్గును. అది చెట్లనీడలో మాట. బోడిరాతిమీద లెక్క వేరు. ఈ సంగతి మున్ముందు పనికివచ్చును.

2024వ సంవత్సరము ఫిబ్రవరి రెండవ శనివారమునాడు బయలుదేర నిశ్చయించి, అటవీశాఖవారి అనుమతి పొందితిమి. వారు తమ కాపలాదారునొకని తోడిచ్చి రెండు నియమములు పెట్టిరి. ఒకటి, ఎవ్వరును కాపలాదారును విడిచి పోరాదు. రెండవది, కుక్క త్రాటినుండి విడివడరాదు. మొదటి నియమమునకు ఎవరును పేచీ పెట్టలేదు. రెండవదానిమీద తొమ్మిదవ తరగతిలో పెద్ద చర్చయే జరిగినది. అడవికి తీసికొనిపోయియు త్రాటితో పట్టుకొనుట క్రూరత్వము గదా, అక్కడనైన దానిని పరుగెత్తనీయరాదా యని బాలుర వాదము. వారి మనస్సు మంచిదే. అయినను మేము మెత్తబడలేదు. కారణములు వారికి చెప్పినవే ఇక్కడ చెప్పుచున్నాము.

యోబు మంచిదే, కాని దాని ముక్కుకును కాళ్లకును నడుమ ఆలోచనకు చోటు లేదు. కుందేలు లేచినయెడల తరుమును. కౌజుపిట్టయు నెమలియు నేలమీదనే గ్రుడ్లు పెట్టును. మన దక్షిణపు రాతికొండలలో తప్ప లోకమున మరెక్కడను లేని పసుపుగొంతు పిగిలిపిట్ట యీ కొండ పొదలలో నున్నది; దానిని చూచుటకు పక్షిశాస్త్రజ్ఞులు దూరదేశములనుండి వత్తురు. ఇట్టి చోట కుక్క ఒక గంట స్వేచ్ఛగా తిరిగినచో ఎన్ని ప్రాణములు చోటు విడిచి పారిపోవునో లెక్కించువారెవరు? 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటయను మాటకు చంపుట మాత్రమే గాక తరుముటయు అర్థముగా చేర్చినది. ఇక వ్యాధి. 1994లో ఆఫ్రికాఖండపు సెరెంగెటి మైదానమున సుమారు వేయి సింహములు, అనగా అక్కడి సింహములలో మూడవవంతు, ఇంతకుముందు చెప్పిన డిస్టెంపరుచేతనే చనిపోయెను. ఆ రోగము చుట్టు గ్రామముల కుక్కలనుండి ప్రాకినదని పరిశోధకులు తేల్చిరి. 2018లో మన గిర్ అడవిలో ఇరువదికి పైగా సింహములు చనిపోయినప్పుడును అదే వ్యాధి బయటపడినది. యోబునకు ఏటేట పిచ్చికుక్క వ్యాధి టీకాయు, డిస్టెంపరు మొదలగువాని టీకాయు వేయించుచున్నాము. టీకా వేయించని కుక్కను అడవి పొలిమేరకు కూడ తీసికొనిపోరాదని మా నిశ్చితాభిప్రాయము. ఇంత చెప్పిన పిమ్మట ఆరడుగుల నూలుత్రాడు క్రూరమా యని యడిగితిమి. "పది యడుగులు చేయుడు" అని యొకడనెను. పదియే చేసితిమి.

తెల్లవారుజామున బడిబండి కొండ యడుగున దింపిపోయెను. ఘాటుదారి విడిచి, కట్టెలవారు నడచిన పాత కాలిబాటను పట్టుకొంటిమి. బాలురు ముందు, కాపలాదారు వారికి ముందు, యోబును మేమును వెనుక. మొదటి అరగంటలో బాలురు నాలుగుమారులు నిలిచి మాకై కాచుకొనవలసివచ్చెను. ఆలస్యము మాది కాదు, యోబుది. అది నడచుటకు రాలేదు, చదువుటకు వచ్చినది. ఒక తంగేటిపొద మొదట నిలిచి, ఆకు క్రిందిభాగము, పైభాగము, కాడ, మొదటనున్న రాయి, రాతిచుట్టునున్న మన్ను, ఇంతయు మూచూచి గాని కదలదు. మొదట మాకును విసుగు పుట్టినది. తరువాత దాని పని పరిశీలింప మొదలిడితిమి.

కుక్కముక్కు నిర్మాణము విచిత్రమైనది. మనుష్యుని ముక్కులో వాసన గ్రహించు కణములు అరువది లక్షలకు మించవనియు, కుక్కలలో కొన్ని జాతులకు ఇరువది కోట్లకుపైగా నుండుననియు చెప్పుదురు. అంతకంటె వింతయైనదొకటి కలదు. ముక్కురంధ్రముల ప్రక్కల సన్నని చీలికలుండును. పీల్చిన గాలి ముందునుండి లోనికి పోయి, విడిచిన గాలి ఆ చీలికలగుండ ప్రక్కకు పోవును. అందుచే తన యూపిరి తనకడ్డురాదు. నేలమీది వాసన చెదరకుండ క్రొత్తగాలి లోనికి వచ్చుచుండును. యోబు మూచూచిన చోట సన్నని ధూళి ఇరుప్రక్కలకు లేచుట బాలురకు చూపితిమి. వారు వరుసగ మోకాళ్లమీద కూర్చుండి చూచిరి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము చదువునాడు, ప్రకృతిపాఠమున మొదట పిల్లవాని కన్ను తెరువవలెనని మా యధ్యాపకులు నేర్పిరి. ముక్కు మాట ఎవ్వరును ఎత్తలేదు.

అది మొదలు యోబు నిలిచినచోట మేమందరము నిలుచుటయే పద్ధతియైనది. కాపలాదారు మొదట నవ్వెను. తరువాత ఆయనయే, "ఏమి దొరికినాదో చూడు సామీ" అని దానిని హెచ్చరించుచు వచ్చెను. సీతాఫలపు పొదల నడుమ యోబు ముక్కు చూపినచోట కణుజు పెంటికలు కనబడినవి. చేత పట్టిచూచి నిన్నటివని కాపలాదారు చెప్పెను. వెదురుగుంపు దాటినపిమ్మట బాటనడుమ రాతిమీద ఎండిన మల మొకటి యుండెను. అందు వెంట్రుకయు ఎముకముక్కలును కలవు. ఇంతవరకు అన్నిటిని ముక్కునానించి చూచిన యోబు, దీనికి రెండడుగుల దూరముననే నిలిచిపోయెను. వెన్నుమీది వెంట్రుక మెడనుండి తోకదాక లేచెను. తోక క్రిందికి దిగెను. అది చిరుతపులిదని కాపలాదారు మెల్లగ చెప్పెను. అంతవరకు పదియడుగుల త్రాటి చివర నడచిన యోబు ఆ పిమ్మట ఒక ఫర్లాంగు దూరము మా పంచెకు రాచుకొనుచు నడచినది. బాలురును దగ్గరగానే నడచిరి. త్రాటిని గూర్చి మరి యెవ్వరును మాటాడలేదు.

ఎనిమిది గంటలకు ఒక చిన్న మడుగు చేరితిమి. బండలసందున నల్లని నీరు, పైన నేరేడుచెట్టు, అడుగున ఇసుక కనబడుచున్నది. అక్కడ ఇడ్లీల మూట విప్పితిమి. యోబునకు దాని జొన్నసంకటి వేరుగ కట్టుకొనిపోతిమి. అది మడుగులో కడుపుదాక దిగి, నిలువున నిలిచి, కన్నులు సగము మూసికొని చాలసేపు ఊరకుండెను. అంతటి తృప్తి మేము పెండ్లివిందులలో కూడ చూడలేదు.

మడుగు దాటినపిదప అడవి పలుచబడును. ఆకురాలు కాలము గాన బూరుగులు మోడులై యుండెను. ఉత్తరేణి గింజలు మా పంచెకును యోబు కాళ్లకును సమానముగ పట్టుకొనెను. ఒక మలుపున మేకల మంద యెదురై, కాపరి కుక్కలు రెండు మొరుగుచు మీదికి వచ్చెను. కాపరి ముసలివాడు. ఒక్క కేక వేయగనే అవి కూర్చుండెను. ఆయన యోబును తేరిపారజూచి దాని వయస్సెంతయని యడిగెను. ఎనిమిది దాటినదంటిమి. "నా పెద్దది ఏడేండ్లకే కొండెక్కడము మానేసినాది అయ్యవారూ. దానికి నోరుంటే చెప్పును, లేదు గదా" అని చెప్పి మేకలను తోలుకొనిపోయెను.

పదిన్నరకు వెన్ను చేరితిమి. చెట్లనుండి వెలుపలికి వచ్చినంతనే గాలి మొగమున కొట్టెను. ఇరుప్రక్కల నేల జారిపోవుచున్నట్లుండెను. ఒకవైపు చెరువులు అద్దపుముక్కలవలె, మరియొకవైపు ఎర్రచేలు, వానికావల వరుసవెంట వరుసగ నీలికొండలు. దూరమున శిఖరముమీది యూకలిప్టసు చెట్లు గీతవలె కనబడెను. కొండవెన్ను పొడవునను పోయినచో ఒంటరిగ నిలిచిన పెద్దబండ యొకటి కలదు. మా యాత్ర ఆ బండకొరకే. మా నలుగురిలో నొకని తండ్రి మా పాఠశాలలోనే చదివి, బాల్యమున ఆ బండయెక్కి వచ్చినవాడట. ఆ కుటుంబము మే నెలలో బెంగళూరునకు పోవనున్నది. ఆ బాలుడు నెల దినములనుండి మరియొక మాట యెత్తలేదు. బండ కండ్లయెదుటనే యుండెను; ఇంకొక గంట నడక యని కాపలాదారు చెప్పెను. ఆ గంట నడకలో ఒక్క చెట్టును లేదు, నల్లని రాయి తప్ప.

వెన్నుమీద నొక గుండమున నీరుండవలసినది, లేదు. బురద పెచ్చులు లేచియుండెను. యోబుకని వేరుగ తెచ్చిన రెండు లీటర్ల నీటిలో ఒక లీటరు మిగిలియుండెను. దానికి దోసిట నీరు పోసి నడిపించితిమి. అరగంట గడచినది. ఉదయము మాకు ముందుండిన త్రాడు ఇప్పుడు వెనుకకు తిరిగినది. యోబు ప్రతి చిన్నపొద నీడకును పోవుచుండెను. పొదలేనిచోట మా కాళ్లనీడలో నిలిచెను. నాలుక గరిటెవలె వెడల్పై అంచులు పైకి మడిగెను. చొంగ చిక్కనయ్యెను. కుక్కకు మనవలె మేనంతట చెమట పట్టదు. అరికాళ్లలో కొంచెము చెమర్చును, తక్కిన వేడినంతయు రొప్పుటచేతనే వెళ్లగొట్టుకొనవలెను. దాని దేహపు సహజమైన వేడి 101 మొదలు 102 డిగ్రీలదాక నుండును. 106 దాటినచో ప్రాణము దక్కుట కష్టము. బండమీద మా చేతి వెనుకభాగమానించి చూచితిమి. పదివరకు లెక్కించులోపల చేయి తీసికొనవలసివచ్చెను. యోబు అదే రాతిమీద చెప్పులు లేక నడచుచున్నది.

మేము నిలిచి పిలిచితిమి. అది తోక యూపుచు వచ్చినది.

ఆ వచ్చుటయే మమ్ము కలవరపెట్టినది. ఎద్దు అలసినయెడల కాడి క్రింద కూలబడును. ములుకోల కూడ లెక్కచేయదు. గాడిద కదలదు. మేకను దాని కిష్టములేనిచోటికి లాగిచూడుడు, లోకమునకంతయు వినబడునట్లు అరచును. ఈ జంతువులన్నియు తమ పక్షమున తాము మాటాడుకొనగలవు. కుక్క ఆ విద్య మరచినది. ఎన్ని వేల యేండ్లనుండియో మనవెంట నడచి నడచి, చాలుననుట దానికి రాకపోయెను. యజమానుడు నడచినంతసేపు నడచును, కాలు లేవనంతవరకు నడచును, పడిపోవువరకు నడచును. కావున చాలుననుట త్రాడు పట్టినవాని పనియై యున్నది. ముసలి కాపరి చెప్పినదిదియే.

వెనుకకు మరలవలెనని చెప్పితిమి.

బాలురు బండవంక చూచి, మావంక చూచిరి. కాపలాదారునకు వారిమీద జాలి కలిగెను. "ఈడనే పొదకు కట్టేసి పోదామయ్యవారూ, గంటలో వచ్చేస్తాము గదా" అనెను. చిరుత తిరుగు కొండమీద కట్టివేసిన కుక్క యేమగునో ఆయనకు తెలియనిది కాదు. ముంబయి పట్టణమునంటియున్న సంజయ్ గాంధీ జాతీయోద్యానపు చిరుతల యాహారములో కుక్కలది పెద్ద భాగమని పరిశీలకులు వ్రాసియున్నారు. మరియొక బాలుడు, మేము యోబుతో ఇచ్చటనుండి తక్కినవారిని కాపలాదారుతో పంపవచ్చునేమో యనెను. పిల్లలను విడిచి ఉపాధ్యాయుడుండరాదు. కాపలాదారును విడిచి ఎవ్వరును ఉండరాదు. ధర్మరాజు సంగతి జ్ఞాపకము చేసినవాడును ఒకడున్నాడు. ఆయన కుక్కను విడువనన్నప్పుడు ఎదుట ఇంద్రుని రథము నిలిచియున్నదనియు, మాకు బడిబండి కొండ క్రిందనే యున్నదనియు చెప్పితిమి. ఎవ్వరును నవ్వలేదు.

బండకు పోవలెనని నెల దినములు ఎదురుచూచిన బాలుడు ఏమియు వాదింపలేదు. తన సీసాలోని నీరు యోబు కడుపుక్రిందను తొడలసందునను పోసెను. తలమీద పోయుటకంటె అట్లు పోయుటయే మంచిదని బయలుదేరుటకు ముందు వారికి నేర్పియుంటిమి. పిమ్మట తిరిగి, అందరికంటె ముందు, ఒంటరిగ దిగనారంభించెను. కాపలాదారును దాటి పోవలదని కేకవేసితిమి. నిలిచెను గాని వెనుకకు చూడలేదు. మడుగు చేరువరకు వాడు మాతో మాటాడలేదు. దానిని మేము అవిధేయతగా నెంచలేదు. పదునాలుగేండ్లవానికి ఒక బండ అరగంట దూరమున నిలిచియుండగా వెనుదిరుగుట చిన్న సంగతి కాదు, తండ్రి నిలిచిన బండయైనప్పుడు మరింత కాదు. మా నిర్ణయము సరియైనదే. దాని వెల ఆ బాలుడు చెల్లించెను. ఈ రెండును నిజములే.

నల్లరాయి దాటువరకు యోబును వంతులవారీగ ఎత్తుకొంటిమి. పదునెనిమిది కిలోల కుక్క కొండదారిలో తేలికయైనది కాదు. ఎత్తికొనుట దానికి నచ్చలేదు. నాలుగుకాళ్లు చాచి సిగ్గుపడినట్లు మొగము ప్రక్కకు త్రిప్పుకొనెను. చెట్లనీడ తగిలినంతనే దిగి నడిచినది. మడుగులో దింపగా మొదట కొంచెము త్రాగి, పడుకొని, మరల త్రాగెను. ఒక్కమారుగ కడుపునిండ త్రాగనీయరాదు గనుక త్రాడు బిగించి ఆపుచుంటిమి. రొప్పు తగ్గుటకు ముప్పావుగంట పట్టినది. ఆ ముప్పావుగంటలో నేరేటికొమ్మమీద పసుపుగొంతు పిగిలిపిట్ట వచ్చి వ్రాలెను. బూడిదరంగు మేను, పచ్చని తల, పచ్చని గొంతు. మేమందరము కదలకయుంటిమి. ఇంతవరకు మాటాడని బాలుడు దాని బొమ్మను తన పుస్తకమున గీసికొనెను. అది మడుగునీరు ముక్కుతో నంటి, రెక్కలు విదిలించి పోయెను. ఈ పక్షి యీ కొండమీద నున్నదని పుస్తకములలో చదివియు మేము ఇరువదియేండ్లలో చూచి యెరుగము.

సాయంకాలము వసతిగృహపు అరుగుమీద యోబును పండబెట్టి చూచితిమి. కాలివ్రేళ్ల సందున పల్లేరుముండ్లు అయిదు, చెవిమడతలో పిడుదులు మూడు, మెడక్రింద ఒకటి. పిడుదును ఊరక గోటితో లాగినయెడల తల లోపల నిలిచిపోవును. సన్నని పట్టకారుతో చర్మమునకంటి పట్టి, నిలువుగ, మెల్లగ తీయవలెను. వాటినుండి కుక్కలకు ప్రాణాంతకమైన జ్వరములు వచ్చును గనుక అడవినుండి వచ్చిననాడే తడవిచూచుట తప్పని పని. అరికాళ్లలో రెండింటి చర్మము కొంత చెదరియుండెను. వెచ్చని యుప్పునీటితో కడిగి, నూనె కొంచెము రాచి, గోనెమీద పడుకొనబెట్టితిమి. నిద్రలో నాలుగుకాళ్లును కదలుచుండెను.

సోమవారము ఉదయము మొదటి గంటకు ముందు ఆ బాలుడు అరుగుయొద్దకు వచ్చెను. చేతిలో మందుసీసా, తల్లి కాచిన కొబ్బరినూనె యట. మేము తలుపుకడ నిలిచియుంటిమి. వాడు మాకు నమస్కరించి, యోబు ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్క పాదమును ఒడిలో పెట్టుకొని నూనె రాచెను. బండను గూర్చి, దానిమీదనుండి తన తండ్రికి ఏయేవి కనబడెనో వానిని గూర్చి, అంతయు దానితోనే చెప్పుచుండెను. గంట మ్రోగెను. సీసా అరుగుమీదనే విడిచి తరగతికి పోయెను.